సూదికి అందని పేరు

అన్నం, పప్పు కలిపి మిక్సీలో మెత్తగా తిప్పింది భాగీరథి. కాస్త పలుకున్నా భర్తకు పొలమారుతుంది. గొంతు కదిలిందో లేదో చూసుకుంటూ చెంచా చెంచా తినిపించాలి. తర్వాత చేతివేళ్లు ఒక్కొక్కటే మడిచి చాపాలి, పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, తడిసిన దుప్పటి తియ్యాలి. ఆమె ఆ దుప్పటి పిండుతుంటే ముందుగదిలో అత్త లింగవ్వ పక్కింటావిడతో అంటోంది: "సూదులే నా కొడుకును లేపి కూసోబెట్టినయ్, బిడ్డా!"

బతుకుదెరువుకు పరాయి రాష్ట్రం వచ్చి చేరిన ఉధ్నాలో, మగ్గం ముందే భర్త సోమలింగం గుండె ఆగింది. ఛాతీ నొక్కి, ఆస్పత్రికి మోసి, గుండెనైతే మళ్లీ నడిపించారు. ఆ కాసేపు నెత్తురందని మెదడు మాత్రం తేరుకోలేదు. మందులకు, వ్యాయామానికి తోడు ఆక్యుపంక్చర్ సూదులు కూడా పెట్టిద్దామన్నాడు మరిది ఉమాకాంత్. అన్నది అతను, సూదులు పెట్టే ఆల్థాన్ దాకా ఆటోలో ఎక్కించి దించేది భాగీరథి. తాను పాఠాలు చెప్పే తెలుగు బడిలో ఆమె పెట్టిన సెలవు ఈ వారంతో అయిపోతుంది. "బడిదేముంది వదినా, రాజీనామా ఇయ్యరాదు? అన్న కంటె ఎక్కువనా?" అన్నాడు మరిది.

సూదులు పెట్టే ఊర్మిళాబెన్ మొదటిరోజే చెప్పింది, ఇవి తోడు మాత్రమే, ఎంత మేలు చేస్తాయో మాటివ్వలేనని. ఆ మాట భాగీరథి ఒక్కతే విన్నది.

ఈరోజు సూదుల గదికి ఇంట్లోవాళ్లందరూ వచ్చారు. తలలో, చేతిలో సూదులతో కూర్చున్న సోమలింగాన్ని ఊర్మిళాబెన్ అడిగింది: "ఈమె ఎవరు?"

"అమ్మ."

"ఇతను?"

"ఉమా... కాంత్."

చూడవచ్చిన పక్క మగ్గం పనివాడు ఓంప్రకాష్ పేరు కూడా తడుముకుని చెప్పాడు. ఊర్మిళాబెన్ భాగీరథిని చూపింది. సోమలింగం చూశాడు. గుర్తుపట్టాడు. ఆ చూపు ఆమెకు తెలుసు.

"నీళ్లు," అన్నాడు.

లింగవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "అయ్యో, పెండ్లాం పేరే మరిసె! యాదికొచ్చేదాంక నువ్వే తోలుకరావాలె, బిడ్డా."

"గందుకే చెప్తున్న, ఇంట్లనే ఉండు వదినా."

"ఇంతకుముందు మిమ్మల్ని ఏమని పిలిచేవారు?" అని అడిగింది ఊర్మిళాబెన్. అతను పడిపోయినప్పటి నుంచి భాగీరథి గురించి ఎవరైనా అడిగిన మొదటి మాట అది. ఆమె వెతుక్కుంది. ఏయ్. ఇగో. ఎటువోయినవ్. పెళ్లినాడు ఒకరి పేరు ఒకరు చెప్తేనే లోపలికి రానిస్తామని ఆడబిడ్డ గడపకు అడ్డం నిలబడితే ఆమె సిగ్గుపడుతూ అతని పేరు చెప్పింది. అతను మాత్రం, "వచ్చింది కద, ఇగ జరుగు," అన్నాడు. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది.

చెంచాతో మెల్లగా నీళ్లు పట్టింది. గొంతు కదిలేదాకా ఆగింది. మూతి తుడిచింది.

"ఆయన మరిసింది లేదు అత్తమ్మా. గడప కాడ చెప్పుమంటేనే చెప్పలే. దానికి సూది లేదు."

చెంచా కడిగి సంచిలో పెట్టుకుంది.

"సోమవారం నేను బడికి పోతున్న. ఎవరి పేర్లు యాదికున్నయో వాళ్లే తోలుకొస్తరు."