తాళం వేసిన ఇళ్ళ బల్ల

వీధి కాపలా సంఘానికి అధ్యక్షుడిగా ఉండమని ఎస్సై అడిగినప్పుడు, రిటైరైన లెక్కల మాస్టారు కాస్త మొహమాటం నటించి వెంటనే ఒప్పేసుకున్నారు. ఆయన మాట వినేవాళ్ళు ఇంట్లో కూడా లేరు మరి. ఎస్సై చెప్పిన పని చిన్నదే. ఎవరైనా ఊరెళ్తే ఆ ఇంటి నంబరు చీటీ మీద రాసి స్టేషనులో ఇవ్వాలి, కానిస్టేబులు వచ్చి ఆ ఇంటి మీద ఓ కన్నేసి ఉంచుతాడు.

చీటీ అయితే ఎవరి కంటా పడదు. మాస్టారికి అదే నచ్చలేదు. వీధి మలుపులో నల్లబల్ల పెట్టించి, ‘ఈ వారం తాళం వేసిన ఇళ్ళు’ అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాశారు. పక్కనే తిరిగొచ్చే తేదీ కూడా వేశారు. అందరూ చదివితే అందరూ కాపలా కాస్తారని ఆయన లెక్క. ఆ సంబరంలో స్టేషనుకు చీటీ పంపడమే మరిచారు. వీధివాళ్ళు ఆహా ఓహో అన్నారే తప్ప, ఇదేమిటని అడిగిన పాపాన పోలేదు.

దొంగ కూడా చదివాడు. చెల్లెలి కాన్పుకు వెళ్ళిన కుట్టుపనావిడ నాలుగోరోజు పొద్దున తిరిగొచ్చేసరికి తాళం విరిగి ఉంది, కుట్టుమిషను లేదు. ఆ ఇల్లు గడిచేదే ఆ మిషను మీద. ఆమె గడప మీద కూలబడిందన్న కబురు మాస్టారికి చేరింది. ఎస్సై వచ్చేలోపు ఆయన చేసిన పని చెప్పాలంటే నోరు రావడం లేదు. తడిగుడ్డ పట్టుకెళ్ళి బల్లంతా తుడిచేశారు.

ఆమె ఊళ్ళో లేదని ఎవరికి తెలుసని ఎస్సై అడిగాడు. బల్ల మాట ఎవరూ ఎత్తలేదు, మెచ్చుకున్నది వాళ్ళే కదా. అందరి చూపూ ఎదురుగా బండి పెట్టుకునే ఇస్త్రీ అతని మీద పడింది. ఆమె పెట్టె మోసి ఆటో ఎక్కించింది అతనే. ఇంకేం కావాలి? ఇస్త్రీ అన్నయ్య అలాంటివాడు కాదని ఆమె మొత్తుకున్నా వినే నాథుడు లేడు. ఇతను ఎలాంటివాడని ఎస్సై అధ్యక్షుడినే అడిగాడు.

“ఏమోనండీ, ఎవరి మనసులో ఏముందో,” అన్నారు మాస్టారు. పదిహేనేళ్ళుగా తన చొక్కాలు ఇస్త్రీ చేస్తున్న మనిషి గురించి అన్న మాట అది. అతన్ని జీపెక్కించారు. ఇస్త్రీపెట్టెలో బొగ్గులు ఇంకా ఆరలేదు.

మధ్యాహ్నం మాస్టారికి ముద్ద దిగలేదు. ఒంటి మీద చొక్కా చూసుకుంటే సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. కంచం ముందు నుంచి లేచి స్టేషనుకు వెళ్ళారు. బల్ల సంగతీ, తుడిచిన సంగతీ నిలబడే చెప్పేశారు.

“చీటీ ఇమ్మన్నాను కదండీ మాస్టారూ,” అన్నాడు ఎస్సై. నాలుగు తిట్టినా బాగుండేది.

ఇస్త్రీ అతన్ని వదిలేశారు. ఇద్దరూ కలిసే నడిచారు. మాస్టారికి తలెత్తే మొహం లేదు. సగం దారి దాటాక, పొరపాటు తనదేననీ, ఆ బల్ల వల్లే ఇదంతా జరిగిందనీ గొణిగారు.

“తెలుసు మాస్టారూ. పొద్దున మీరు తుడుస్తుంటే చూశాను,” అన్నాడతను. “జీపెక్కేదాకా, మీరే చెబుతార్లే అనుకున్నాను.”