చప్పుడు చేసే జబ్బు

పాలు పొంగే లోపే ఆమెకు దగ్గు తెర వచ్చింది. ఒక చేత్తో స్టవ్ తగ్గించి, రెండో చేయి నోటికి అడ్డం పెట్టుకుని, గోడకు చేరబడి ఊపిరి అందేదాకా దగ్గింది.

"మొదలైంది కచేరీ," అన్నాడు భర్త గదిలోంచి. "టికెట్టు లేకుండా రోజూ వింటున్నాం."

"నేనూ కాపరం చేశాను. నా దగ్గు మీ మామగారు ఒక్కనాడూ వినలేదు," అంది అత్తగారు స్నానానికి వేడినీళ్ళ కోసం చూస్తూ.

ఈ దగ్గు వల్లే ఆమె పడక వంటింట్లోకి మారింది. గొడవేమీ పడలేదాయన. ఒక సాయంత్రం ఆమె దిండు తెచ్చి వంటింటి గుమ్మంలో పెట్టి వెళ్ళాడు. గొడవపడితే బదులు చెప్పవచ్చు. దిండుకేం చెబుతుంది? అప్పట్నించీ ఆమెకు ఒకటే కోరిక, తిరిగి ఆ గదిలో తన వైపున పడుకోవాలని. ఆయన మీద మోజుతో కాదు. ఈ ఇంట్లో పని లేకుండా ఆమె ఉండగలిగిన చోటు అదొక్కటే.

ఆ దగ్గే ఆమెకు కొలువు కూడా ఇప్పించింది. వైద్య కళాశాలలో ఆయాగా చేసే పక్కింటావిడ తీసుకెళ్ళి చేర్చింది. మధ్యాహ్నాలు రోగిలా స్టూలు మీద కూర్చోవాలి. మందుల పాఠాలు కొత్తగా మొదలుపెట్టిన పిల్లలు ప్రశ్నలు అడుగుతారు. కాగితంలో రాసిచ్చిన జవాబులు చెప్పాలి. "ఎంత సహజంగా దగ్గుతారండీ!" అని పాఠం చెప్పే మేడమ్ మెచ్చుకుంటే పిల్లలు చప్పట్లు కొట్టారు. ఇంట్లో తిట్లు తిన్న దగ్గు అక్కడ దండలు వేయించుకుంది.

ఆ వేళ మేడమ్ చెబుతోంది. "మందు ఒళ్ళంతా తిరుగుతుంది. మనం పంపని చోటికీ వెళ్తుంది. పొడిదగ్గుతో మనిషి వస్తే సిరప్ రాయడానికి తొందరపడకండి. ఏం మందులు వాడుతున్నారని ముందు అడగండి. రక్తపోటు మాత్రల్లో ఒక రకం కొందరికి దగ్గు తెప్పిస్తుంది. మాత్ర మారిస్తే తగ్గిపోతుంది."

"ఆపేస్తే, మేడమ్?" వెనక బెంచీలోంచి ఎవరో అడిగారు.

"దగ్గు ఆగుతుంది, రక్తపోటు పెరుగుతుంది. అది చప్పుడు చెయ్యదు తల్లీ. చాలామందికి పడిపోయిన రోజే తెలుస్తుంది."

స్టూలు మీద ఆమె నిటారుగా కూర్చుంది. రక్తపోటుకి మాత్ర మొదలుపెట్టాకే కదా ఈ దగ్గు! అది రాసింది భర్త స్నేహితుడైన డాక్టరు. చేతికి పట్టీ చుట్టి చూశాడు, తర్వాత మాటలన్నీ భర్తతోనే మాట్లాడాడు. దగ్గుకి సిరప్ కూడా భర్తకే ఫోన్లో చెప్పాడు.

ఒకమ్మాయి వచ్చి ఎదురుగా కూర్చుంది. తడబడుతూనే ముఖంలోకి చూసి అడిగింది. "ఏమైనా మందులు వాడుతున్నారా అమ్మా?"

కాగితంలో జవాబు 'ఏమీ లేదు' అని ఉంది. కానీ ఆ మాట ఆమెను ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

"వాడుతున్నానమ్మా. రక్తపోటు మాత్ర. అప్పట్నించే దగ్గు."

"అయ్యో, అది రేపటి కేసండీ," అంది మేడమ్. "ఇవాళ్టి పేషెంటు ఏ మందులూ వాడదు."

"నిజంగానే మేడమ్, నాకు..."

పిల్లలు నవ్వారు. మేడమ్ నవ్వలేదు. "నిజమైతే ఒక పొద్దున ఓపీకి రండి, చూసి మాత్ర మారుస్తారు. మీ అంతట మీరు మాత్రం ఆపకండి," అని చెప్పి, గడియారం చూసుకుని అమ్మాయి వైపు తిరిగింది. "మళ్ళీ అడుగు."

"ఏమైనా మందులు వాడుతున్నారా అమ్మా?"

"లేదమ్మా," అంది ఆమె.

సాయంత్రం ఇంట్లో చెప్పింది. ఒక్క పొద్దున ఓపీకి వెళ్ళొస్తానంది.

"పొద్దున్నా? నా నీళ్ళు ఎవరు కాస్తారే? పిల్లలకి బడి డబ్బాలెవరు సర్దుతారు?" అంది అత్తగారు.

భర్త పగలబడి నవ్వాడు. "రోగి వేషం పాతబడిందా? ఇక డాక్టరు వేషమా? వాడు రాసిన మాత్ర నువ్వు ఇంకెవరి చేతో మార్పించుకుంటే రేపు వాడి మొహం నేనెలా చూడను?"

"పోనీ మీరే ఫోన్ చేసి అడగండి."

"దగ్గుకి మళ్ళీ ఫోనా! నాలుగు గుటకలు నీళ్ళు తాగి పని చూసుకో."

అలవాటు తప్పక దేవుడి ముందు నిలబడింది. ఈయన అన్నీ తనకు తెలుసనుకుని అడగడు స్వామీ. నువ్వు నిజంగానే అన్నీ తెలిసి అడగవు. నాకు మాత్రం రెండూ ఒక్కలాగే ఉన్నాయి, తప్పంటావా? జవాబు రాలేదు. దగ్గు వచ్చింది.

కళ్ళు తుడుచుకుని వంటింట్లోకి వెళ్ళింది. ఆ పూట మాత్రని సింకులో వేసి కుళాయి తిప్పింది. ఆపితే ఏమవుతుందో ఆమెకు తెలుసు, పాఠం చివరిదాకా విన్నది. కానీ ఈ ఇల్లు చప్పుడు చేసే జబ్బునే బయటికి పంపింది. చప్పుడు చెయ్యని జబ్బుని గదిలోకి రానివ్వడానికి ఎవరికీ అభ్యంతరం ఉండదు.