ఎనిమిదో పేరా

సెమీఫైనల్ గెలిచిన మర్నాడు పొద్దున్నే స్టూరె వీక్మన్ ఆల్వాను తన గదికి రమ్మని కబురు పెట్టాడు. ఎల్వ్‌ఫోర్స్ మహిళల ఐస్ హాకీ జట్టుకు మేనేజరు అతను. రింక్ మీది అంతస్తులో అతని గది. కిటికీలోంచి చూస్తే కింద మంచు మైదానమంతా కనిపిస్తుంది. బల్ల మీద కాఫీ, దాల్చినచెక్క బన్నులు, పక్కనే కొత్త కాంట్రాక్టు పెట్టి ఉన్నాయి.

ఆల్వా ఫోర్సెల్ ఆరేళ్ళుగా ఆ జట్టు గోల్‌కీపరు. ఆ ఏడాది జట్టు ఫైనల్ దాకా వచ్చిందంటే సగం ఆమె చలవేనని కాగితం మిల్లులో పనిచేసేవాళ్ళ దగ్గర్నుంచి చర్చి పాస్టరు దాకా ఊరంతా ఒప్పుకునేది. పాత ఒప్పందం ఏప్రిల్‌తో ముగుస్తుంది. ఫైనల్ మొదలవకముందే కొత్తదాని మీద సంతకం అయిపోతే ప్రకటించేసుకోవచ్చని, స్పాన్సర్లు కూడా అదే అడుగుతున్నారని స్టూరె చెప్పుకొచ్చాడు. ఇంకో మూడేళ్ళు, జీతం పెంపు, ఏటిగట్టు పక్కన అపార్ట్‌మెంటు. ఆల్వాకు వంక పెట్టడానికేమీ కనిపించలేదు. ఒక బన్ను తీసుకుని తింటూ కాగితాలు చదవడం మొదలుపెట్టింది.

స్టూరె నవ్వాడు. “నిజంగానే చదువుతున్నావా? ఇన్నేళ్ళలో ఎవరూ చదవలేదు దాన్ని.”

“నా పనే అది కదా, వచ్చేదాన్ని చూసుకోవడం,” అని ఆల్వా తలెత్తకుండా చదువుతూనే ఉంది.

ఎనిమిదో పేరా దగ్గర ఆమె తినడం ఆపింది. జట్టు తరఫున ఆడుతూ తగిలిన గాయం కాక మరే శారీరక కారణం చేతనైనా క్రీడాకారిణి ఎక్కువ కాలం ఆడలేకపోతే, ఒప్పందాన్ని అక్కడితో ముగించే హక్కు జట్టుకు ఉంటుందని రాసి ఉంది. గర్భం అనే మాట అందులో ఎక్కడా లేదు. ఉండనక్కర్లేదు కూడా. ఏడాదిన్నర కిందట, శరదృతువులో, తూవే సంగతి ఆ పేరాతోనే తేలిపోయింది.

తూవే బ్యాక్‌లుండ్ ఆల్వా ముందు ఎడమ పక్క నిలబడే డిఫెండరు. నిలబడిందంటే గోడే. తాను తల్లిని కాబోతున్నానని ఆమె చెప్పిన రెండు వారాలకే జట్టు ఒక పూలగుత్తి ఇచ్చి, పరస్పర అంగీకారంతో విడిపోతున్నామని ప్రకటించింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఇప్పుడు తూవే ఊళ్ళో సూపర్‌మార్కెట్టు కౌంటర్లో కూర్చుంటోంది.

“ఈ పేరా కొట్టేయ్, సంతకం పెడతాను,” అంది ఆల్వా.

అది అందరి ఒప్పందాల్లోనూ ఉండేదేనని, లాయర్లు రాసిన మామూలు మాటలని స్టూరె నచ్చజెప్పబోయాడు. తర్వాత కాస్త ముందుకు వంగి గొంతు తగ్గించాడు. “ఏంటి, నీకేమైనా విశేషమా? ఉంటే చెప్పు. మనలో మనం సర్దుకుందాం.”

“నాకు విశేషమా కాదా అన్నది నీ బల్ల మీదికి వచ్చే సంగతి కాదు స్టూరె. పేరా కొట్టేయ్.”

విశేషమేమీ లేదు. ఆల్వాకు పిల్లలు వద్దు; ఆ మాట ఆమె, ఆమెతో ఉండే ఏస్కిల్ ఏనాడో అనుకుని స్థిమితపడ్డారు. లేదని ఒక్క ముక్క అంటే ఆ గదిలోంచి నవ్వుతూ బయటపడేది. ఆ ఒక్క ముక్క అనడానికి ఆమెకు నోరు రాలేదు. అంటే అడిగే హక్కు అతనికి ఉన్నట్టు ఒప్పుకున్నట్టే అవుతుంది.

ఆ సాయంత్రం తూవే ఇంటికి వెళ్ళి జరిగింది చెప్పింది. సంతోషిస్తుందనుకుంటే తూవే మొహం గంటు పెట్టుకుంది. పాప కుర్చీలో కూర్చుని గంజి మొహమంతా పూసుకుంటోంది.

“నా పేరు మాత్రం ఎత్తకు,” అంది తూవే. “ఈ ఊళ్ళో నాకో ఉద్యోగముంది, దీనికి డేకేర్ ఉంది. పైగా నేనూ సంతకం పెట్టినదాన్నే. అయినా నీకేంటి దీంతో? నువ్వు కనబోవడం లేదుగా.”

“నువ్వు పోయినకాడ్నుంచి నా ఎడమ పక్క ఖాళీ. ఈ ఏడాది తిన్న గోల్సన్నీ అటునుంచే తిన్నాను. నాకు కోపంగా ఉంది, అంతే.”

తూవేకు నవ్వు ఆగలేదు. అయినా మాట మార్చలేదు. పేరు ఎత్తనని ఆల్వా చేత ఒట్టు వేయించుకునే పంపింది.

ఫైనల్లో అయిదు మ్యాచ్‌లు. మూడు గెలిచినవాళ్ళదే కప్పు. ఎదుటి జట్టు తీరప్రాంతపు నూర్హాగ. మొదటి మ్యాచ్ ఆ ఊళ్ళోనే. బస్సు బయల్దేరే పొద్దునే స్థానిక పత్రికలో వార్త వచ్చింది: ఫైనల్ వేళ గోల్‌కీపరు పేచీ, జట్టును బెదిరిస్తున్న ఆల్వా. పత్రికకు ఎవరు చెప్పారో రాయలేదు గానీ, స్టూరె వాడే మాటలు ఎవరు చదివినా పోల్చుకోగలరు. ఆమె ఏం అడిగిందో అందులో లేదు. చదివినవాళ్ళు చాలామంది డబ్బే అడిగి ఉంటుందనుకున్నారు; ఆమెకు విశేషమని గుసగుస కూడా ఎలాగో మొదలైంది.

ఆ మ్యాచ్ ఎల్వ్‌ఫోర్స్ గెలిచింది. ఆల్వా ఒక్క గోలూ ఇవ్వలేదు. అయినా ఆట అయ్యాక కారిడార్లో పట్టుకున్న విలేకరి ఆట గురించి ఒక్క ప్రశ్న అడగలేదు. ఊళ్ళో అనుకుంటున్నట్టు ఆమె గర్భవతేనా అని అడిగాడు.

“ఇవాళ నా మీదికి వచ్చినవన్నీ ఆపాను,” అంది ఆల్వా, మాస్కు చంకలో పెట్టుకుని. “వాటి గురించి అడుగు, ఎంతసేపైనా చెప్తా. నా కడుపు గురించి అడగడానికి నువ్వు మా డాక్టరువి కాదు.”

ఆ మాటలు ఊరికి ఆమె కంటే ముందే చేరాయి. రెండో మ్యాచ్‌కి సొంత రింక్‌లో ఆమె మంచు మీద అడుగుపెట్టగానే, ఎప్పుడూ ఆమె పేరుతో డప్పు కొట్టే మూలలోంచే ఎగతాళి ఈలలు, కేకలు వినిపించాయి. పొమ్మని అరిచేవాళ్ళు కొందరు, సంతకం పెట్టమని అరిచేవాళ్ళు కొందరు. ఆల్వా గోల్ ముందు మంచును బ్లేళ్ళతో గీరుకుంది, కర్రతో రెండు స్తంభాలనూ కొట్టి చూసుకుంది, వాళ్ళ వైపు తిరిగి ఒకసారి తలాడించింది, ఎంతో మర్యాదగా. అది వాళ్ళను ఇంకా మండించింది.

ఆ మ్యాచ్ ఓడారు. మూడోది గెలిచారు, నాలుగోది మళ్ళీ ఓడారు. కప్పు ఎవరిదో అయిదోదానితో తేలాలి, అది సొంత ఊళ్ళో.

అయిదో మ్యాచ్ ముందు రోజు స్టూరె కోచ్ గున్వర్ దగ్గరికి వెళ్ళి, ఆల్వా సంతకం పెట్టకపోతే రెండో గోల్‌కీపర్ని దించమన్నాడు. గున్వర్ అరవై దాటిన మనిషి, ఎవరి మీదా ప్రేమ కురిపించే రకం కాదు. బల్ల మీది కాగితాలు నీవి, గోల్లో ఎవరు నిలబడాలన్నది నాది అని అతన్ని పంపించేసింది. ఆ సంగతి ఆల్వాకు తనే చెప్పింది. ఆల్వా థాంక్స్ చెప్పబోతే ఆపింది.

“నీ పక్షాన ఉన్నాననుకోకు. నాకు కప్పు కావాలి, నువ్వు బాగా ఆడతావు. అంతకు మించి ఏం లేదు.”

ఆల్వాకు ఆ మాట ఎందుకో హాయిగా అనిపించింది. అన్ని రోజుల్లో తన ఆట గురించి ఎవరన్నా మాట్లాడటం అదే మొదటిసారి.

రేపు సంతకం పెట్టేస్తే తప్పేంటని ఏస్కిల్ రాత్రి భోజనాల దగ్గర మెల్లగా అడిగాడు. తర్వాత పోరాడవచ్చు కదా అన్నాడు. తర్వాతంటే ఎవరూ వినని రోజులు అంది ఆల్వా. ఇప్పుడు నా మాట రుచించకపోయినా వినక తప్పదు వాళ్ళకి. ఏస్కిల్ ఆమె భుజానికి మందు రాశాడు.

అయిదో మ్యాచ్‌కి రింక్ కిక్కిరిసింది. మూడు పీరియడ్ల ఆటలో మొదటిదంతా నూర్హాగ వాళ్ళు మీదపడి కొట్టారు. ఆల్వా మోకాళ్ళ మీద జారి ప్యాడ్లతో అడ్డుకుంది, గ్లౌజుతో గాల్లో అందుకుంది. ఒకసారి బోర్లా పడిపోయి కూడా కాలు వెనక్కి విసిరి గీత మీదే పక్‌ని, ఆ నల్లటి రబ్బరు బిళ్ళని, ఆపింది. ఈలలు వేసిన మూల మెల్లగా మూగబోయింది. రెండో పీరియడ్‌లో ఎల్వ్‌ఫోర్స్ ఒక గోల్ కొట్టింది. మూడోదాని చివర్లో నూర్హాగ సమం చేసింది. ఆ గోల్ వచ్చింది ఎడమ పక్కనుంచే.

ముందు గోల్ కొట్టినవాళ్ళదే గెలుపనే అదనపు సమయంలో ఆల్వా గోల్ ముందు గుంపు చేరింది. అయిదారు కర్రలు, అంతకు రెట్టింపు కాళ్ళు. పక్ ఎక్కడుందో ఎవరికీ కనిపించలేదు. ఆల్వా కిందికి వంగి కాళ్ళ సందుల్లోంచి వెతుకుతుండగా అది ఎవరి స్కేటుకో తగిలి తిరిగి, ఆమె మడమ పక్కనుంచి నెమ్మదిగా, నడిచి వెళ్ళినట్టుగా లోపలికి వెళ్ళింది. అంత మెల్లగా వెళ్ళిన గోల్ ఆమె జన్మలో తినలేదు. వెనక ఎర్రదీపం వెలిగింది. నూర్హాగ అమ్మాయిలు కర్రలు, గ్లౌజులు గాల్లోకి విసిరేసి ఒకరి మీద ఒకరు పడ్డారు. ఆల్వా అక్కడే మోకాళ్ళ మీద ఉండిపోయింది. ఏడ్చింది కూడా, మాస్కు ఉంది కాబట్టి ఎవరూ చూడలేదు.

విలేకరుల ముందుకు రానవసరం లేదని గున్వర్ అంది. ఆల్వా స్నానమైనా చేయకుండా, చెమటకి తడిసిన జుట్టుతోనే వెళ్ళి కూర్చుంది. గది వెనక గోడకు ఆనుకుని స్టూరె చేతులు కట్టుకుని నిలబడ్డాడు. కాంట్రాక్టు గొడవ వల్ల ధ్యాస చెదిరిందా అని మొదటి ప్రశ్నే వచ్చింది.

“లేదు. పక్ నాకు కనిపించలేదు, అందుకే లోపలికెళ్ళింది. ఆ గోల్ నాది, ఎవరి మీదా తొయ్యను,” అంది ఆల్వా. “కానీ నేను డబ్బు అడిగానని రాశారు. నేను అడిగింది ఒక పేరా తీసెయ్యమని. అదేంటో వెనకాల ఉన్నాడే, స్టూరె, ఆయన చెప్తే సంతోషం. చెప్పకపోతే నాకు నోటికొచ్చు.”

స్టూరె గడియారం చూసుకున్నాడు. ఆల్వా ఎనిమిదో పేరాను మొదటి నుంచి అప్పజెప్పింది. మధ్యలో స్టూరె సమయం అయిపోయిందన్నాడు. ఇంకొక వాక్యముంది అని ఆల్వా దాన్ని కూడా పూర్తి చేసింది. గోల్ పోస్టుకు కూడా ఇంతకంటే మంచి ఒప్పందం ఉంటుందని, దానికి జబ్బు చేస్తే బాగు చేయిస్తారని అంది. ఇది ఎవరి విషయంలో వాడారని ఒకామె అడిగింది. ఆల్వా తూవేకు ఇచ్చిన మాట మీదే ఉంది. “నా విషయంలో వాడరు. వాడనివ్వను కాబట్టి,” అని లేచింది.

ఓడిన ఊరు అంత తొందరగా కరగలేదు. తర్వాత జరిగింది ఆల్వా కళ్ళారా చూడలేదు, తూవేతో పనిచేసే అమ్మాయి చెప్పగా విన్నది. సూపర్‌మార్కెట్లో ఒక పెద్దమనిషి పాలు, సాసేజీలు కౌంటరు బెల్టు మీద పెడుతూ, ఆ గోల్‌కీపరు పక్‌ని చూడాల్సిన టైములో తన పొట్ట చూసుకుందని వెనకవాళ్ళతో జోకు వేశాడట. తూవే చేతిలో సాసేజీ పొట్లం పట్టుకుని అలాగే ఆగిపోయిందట.

“ఆ పొట్ట నాది,” అందట. “ఆల్వాది కాదు. నన్ను పంపించేసింది ఆ పేరాతోనే. కావాలంటే అప్పటి ఫొటోలో చూడు, నా చేతిలో పూలుంటాయి.” తర్వాత సాసేజీల ధర కొట్టి, సంచీ కావాలా అని అడిగిందట.

ఆ వారమే తూవే తనంతట తానే పత్రికకు ఫోన్ చేసి పేరుతో సహా అంతా చెప్పింది. ఆల్వాకు ముందుగా చెప్పనైనా లేదు. కొత్త ఒప్పందాల మీద అప్పటికి సంతకం పెట్టనివాళ్ళు జట్టులో ఇంకా ఉన్నారు. కొందరు ఆగుతామన్నారు, కొందరు ఇంటి అద్దెలు తలుచుకుని పెట్టేశారు. పెట్టినవాళ్ళను ఆల్వా ఒక్క మాటా అనలేదు.

నెలాఖరులో స్టూరె మళ్ళీ పిలిచాడు. ఈసారి ఆల్వా కాంట్రాక్టులో ఎనిమిదో పేరా లేదు. ఏడు తర్వాత తొమ్మిది ఉంది. మిగతావాళ్ళవాటి సంగతేంటని ఆమె అడిగింది. అవి వేరని, ఇది ఆమె కోసం చేసిన ప్రత్యేక ఏర్పాటని, బయట చెప్పొద్దని స్టూరె అన్నాడు.

“నా మీద వాడలేని పేరాని నాకు తీసేశావు,” అంది ఆల్వా. “వాడగలిగినవాళ్ళకి ఉంచావు. నన్నేమనుకున్నావు స్టూరె?”

కాగితాలను అతని వైపు తోసేసి మెట్లు దిగింది. మే నెలలో నూర్హాగతో ఒప్పందం చేసుకుంది. కప్పు ఎగరేసుకుపోయినవాళ్ళతో కలిసిందని ఎల్వ్‌ఫోర్స్‌లో ఆమె బొమ్మ ఉన్న పోస్టర్లు చింపారు. ఏస్కిల్ మిల్లు ఉద్యోగం వదలలేక అక్కడే ఉండిపోయాడు. వారం వారం కారులో నూర్హాగకి వచ్చి వెళ్ళేవాడు. ఆ వేసవి ఆల్వాకు తేలిగ్గా గడవలేదు.

జూలైలో ఎల్వ్‌ఫోర్స్ బోర్డు ఆ పేరాను అందరి ఒప్పందాల్లోంచీ తీసేసింది. తూవే కథ చదివాక ఒక పెద్ద స్పాన్సరు వెనకాడాడని, కొత్తగా పిలిచిన అమ్మాయిలంతా ముందు ఆ పేరా సంగతే అడుగుతున్నారని చెప్పుకున్నారు. స్టూరె ఫోన్ చేసి, ఇప్పుడైనా వస్తావా అన్నాడు. సంతకం పెట్టేశానంది ఆల్వా. చదివే పెట్టాను అని కూడా అంది.

సెప్టెంబరులో నూర్హాగ జట్టుతో ఆమె ఎల్వ్‌ఫోర్స్‌కి వచ్చింది. పాత రింక్ ఈలలతో మారుమోగింది. మధ్యమధ్య చప్పట్లు కూడా లేకపోలేదు. ఎదుటి జట్టులో ఎడమ పక్కన, ఎల్వ్‌ఫోర్స్ మళ్ళీ తీసుకున్న తూవే పాత నంబరుతో నిలబడి ఉంది. ఆట సగమయ్యాక గోల్‌కి దూరంగా ఉండే నీలం గీత దగ్గర్నుంచి తూవే గట్టిగా ఒక షాట్ కొట్టింది. దారిలో ఎవరి కర్రకో తగిలి వంకర తిరిగి, ఆల్వా భుజం మీదుగా వలలో పడింది. డిఫెండరుగా తూవే జన్మలో కొట్టిన గోల్స్ వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు.

తూవే ఆమె ముందు నుంచి జారుతూ వెళ్ళింది. “ఎడమ పక్క ఇంకా ఖాళీగానే ఉందే.”

“తగిలి తిరిగింది అది. నీది కాదు,” అంది ఆల్వా, నిజంగానే మండిపోతూ.

“బోర్డు మీద నా పేరే పడింది, చూసుకో.”

ఆల్వా వలలోంచి పక్ తీసి రిఫరీ వైపు విసిరేసింది. మళ్ళీ స్తంభాలను కర్రతో కొట్టి చూసుకుని, మోకాళ్ళు వంచి, తర్వాతిదాని కోసం ముందుకు జరిగి నిలబడింది.