కొబ్బరినీళ్లు

బాలరాజు నోరు మంచిది కాదు. ఆ సంగతి ఉప్పల్‌లో లారీలు నిలిపేచోట అందరికీ తెలుసు, ఒక్క బాలరాజుకు తప్ప. లోడుతో ఉన్న తన లారీ అన్నోజిగూడ దగ్గర మూలుగుతూ ఆగిపోయిందని తెలిసినప్పుడు అతను ఇంజన్ సంగతే అడగలేదు. మర్నాడు చాయ్ హోటల్ ముందు, నలుగురు డ్రైవర్లు చూస్తుండగా, తన డ్రైవర్ పోశయ్యను నిలబెట్టి కడిగేశాడు.

"డీజిల్ అమ్ముకొని కిరసనాయిలు కలిపినవ్. నాకు తెల్వదనుకున్నవా, దొంగ!"

"సేటూ, మీ బండిల సుక్క గూడ ముట్టలే," అన్నాడు పోశయ్య.

బాలరాజు వినిపించుకోకుండా తాళాలు గుంజుకున్నాడు. హోటల్ ముందు దొంగ అనిపించుకున్నవాడికి మరే యజమానీ బండి ఇవ్వడు. పోశయ్యకు వేరే పని రాదు.

తర్వాతి రోజు లారీని నాచారం లాక్కెళ్లారు. అక్కడ సుధీంద్ర అనే ఆయన లారీల ఎలక్ట్రానిక్ సామాను బాగుచేస్తాడు. దొంగతనం కళ్లముందే రుజువు చేయాలని పోశయ్యనూ వెంటబెట్టుకెళ్లాడు బాలరాజు.

సుధీంద్ర ఫిల్టర్‌లోని డీజిల్‌ను సీసాలో పట్టి వెలుతురులో చూశాడు.

"డీజిల్ శుభ్రంగా ఉందండీ."

బాలరాజు నమ్మక సీసా లాక్కుని వాసన చూశాడు. కిరసనాయిలు వాసనే లేదు. స్కానర్ పెడితే తప్పు ఈసీఎంలో ఉందని చూపించింది. ఇంజన్‌లోకి డీజిల్ ఎప్పుడు, ఎంత పోవాలో చెప్పే డబ్బా అది. సుధీంద్ర క్యాబిన్ పైకెత్తి దాని కనెక్టర్ ఊడదీశాడు. లోపల పిన్నులకు పచ్చగా చిలుము పట్టి ఉంది. దాని మీద ఎర్రటి ముద్ద.

"సీలు చిట్లి నీళ్లు దిగాయి. ఇది కుంకుమేనా? ఇక్కడ నీళ్లెవరు పోశారండీ?"

బాలరాజు సీసా కింద పెట్టేశాడు. దసరా నాడు ఇంజన్ మీద కుంకుమ చల్లి, కొబ్బరికాయ కొట్టి, నీళ్లు ధారగా పోసింది తనే. "గక్కడ వైర్లున్నయి సేటూ" అని పోశయ్య అంటే, "దేవుని పని నాకే నేర్పుతవా?" అని కసిరిందీ తనే. ఒప్పుకోవాలి. ఎప్పుడూ ఆగని ఆ నోరు ఇప్పుడు పెగల్లేదు.

"నేనే సార్," అన్నాడు పోశయ్య. "పండుగ నాడు తెల్వక పోసిన."

సుధీంద్ర చిలుము కడిగి, పాడైన పిన్నులు మార్చి, బోర్డుకు టంకం వేసి, కొత్త సీలు బిగించేదాకా బాలరాజు నేలచూపులు చూస్తూ కూర్చున్నాడు. ఇంజన్ ఒక్క తాళానికే అందుకుంది.

బయటికొచ్చాక అడిగాడు. "గట్లెందుకు చెప్పినవ్ పోశన్నా?"

"సార్ ముందట మీ ఇజ్జత్ తీస్తే మళ్ల బండి ఇస్తరా సేటూ? తెలివి తక్కువోడంటే అననియ్యిన్రి. దొంగంటేనే ఎవ్వలూ పని ఇయ్యరు."

బాలరాజు సిగ్గుతో చచ్చిపోయాడు. తన నోటికి ఈ మనిషి ఇంతగా భయపడ్డాడా? తాళాలు అతని ముందుకు చాపాడు.

పోశయ్య తీసుకోలేదు. "హోటల్ కాడ ఇయ్యిన్రి. గుంజుకున్నది గక్కడనే గద."

బాలరాజే లారీ నడిపాడు. హోటల్ ముందు అవే మొహాలు. దిగి, గొంతు సవరించుకుని గొణిగాడు.

"ఏందన్నా? ఇనబడలే," అన్నాడొక డ్రైవర్.

పోశయ్య చేతులు కట్టుకుని నిలబడే ఉన్నాడు.

"కొబ్బరినీళ్లు వోసి బండి ఖరాబు జేసింది నేను!" అని అరిచాడు బాలరాజు, నిన్న తిట్టిన గొంతుతోనే. "పోశన్న సుక్క గూడ ముట్టలే!"

అప్పుడు పోశయ్య తాళాల కోసం చెయ్యి చాపాడు.