ఫ్లాస్కు మూత

ఉక్కు ప్లాంటు పక్క బస్తీ క్యాంప్ వన్‌లో చిన్నమ్మలు పెంచుకునే ఆవుకి ఒంటినిండా గడ్డలు లేచాయి. పశువుల డాక్టరైన కూతురు భాగ్యరేఖ చూడగానే లంపీ చర్మవ్యాధి అనుకుంది. అయితే అలాంటి గడ్డలు వేరే వైరస్ వల్ల కూడా లేస్తాయి. అదేదో తేలితే తప్ప బస్తీలో మిగతా పశువులకు టీకాలు మొదలుపెట్టరు.

గడ్డ మీది పక్కు తీసి చిన్న సీసాలో బిగించింది. దాన్ని ఐసులో పెట్టి రాయపూర్ లేబొరేటరీకి పంపాలి. ఆఫీసు ఐసుపెట్టె చూస్తే వేరే కేసుకని జాముల్ ఊరు వెళ్లిపోయింది.

చిన్నమ్మలు అటక మీంచి ఎర్ర ఫ్లాస్కు దించింది. భాగ్యరేఖ నాన్న ప్లాంటు డ్యూటీకి టీ పట్టుకెళ్లిన ఫ్లాస్కు అది. ఆయన పోయాక ఎవరూ ముట్టుకోలేదు.

"వద్దమ్మా, అక్కడికెళ్తే మళ్లీ రాదు. రోగం అంటుతుందని కాల్చేస్తారు."

"నోరుమూసుకుని ఐసెయ్యి. ఆవు పోతే ఫ్లాస్కు పాలిస్తాదేటే?"

భాగ్యరేఖ బిరడా తీయగానే పాత టీ వాసన కొట్టింది. చిన్నప్పుడు, నైట్ షిఫ్టు దిగి నాన్న సైకిలు స్టాండు వేయకముందే తను ఎదురు పరిగెత్తేది. అడుగున మిగిల్చి తెచ్చిన చల్లటి టీని ఆయన మూతలో పోసి ఇచ్చేవాడు. భాగ్యరేఖ ఆ వాసన ఒకసారి పీల్చి, ఐసుముక్కలు పోసి, సీసా పెట్టి, బిరడా బిగించి, సంచిలో కట్టమని అమ్మకిచ్చింది.

నాలుగు రోజులకు లేబొరేటరీ నుంచి ఫోనొచ్చింది. లంపీ వైరస్సే. మర్నాటి నుంచే టీకాలు. భాగ్యరేఖ ఆ మాట అమ్మకు చెప్పి, "ఫ్లాస్కు కాల్చేశారటమ్మా" అంది మెల్లగా.

చిన్నమ్మలు వంటింట్లోకి వెళ్లి, ఎర్ర మూతలో టీతో తిరిగొచ్చింది.

"బిరడా ఉంది కదాని మూత దాచీసినాను. ఫ్లాస్కు మీ లేబువోలది, ఇది మనది. చల్లార్చీసినాను, తాగు."