మందు తాగినావా?

ఎడమచేత్తో నూలు పట్టి, కుడిచేత్తో రాట్నం తిప్పుతూ కన్నియమ్మ పన్నెండో కండె చుట్టింది. చూపుడువేలి మీద నూలు కోసిన గాడి ముప్పై ఏళ్లది. లోపల మగ్గం చప్పుడు ఆగి, దగ్గు వినిపించింది. పది రోజులుగా ఇంతే. భర్త ద్వారకనాథ్ నాలుగు పోగులు వేస్తాడు, దగ్గుతాడు. ఆ దగ్గు నిలిస్తేనే చీర మగ్గం దిగేది.

"ఏమయ్యా, మందు తాగినావా?"

"తాగతాలేమే."

కడప నుంచి తమిళనాడులోని ఈ అత్తిమంజేరిపేటకు కోడలిగా వచ్చిన పక్కింటి రాజామణి గుమ్మంలో నిలబడి నవ్వింది.

"మా వూర్లో మందు తాగొద్దని మొగుళ్లను తిడతారక్కా. నువ్వేమో లేస్తానే తాగినావా, తాగినావా అని యెంటపడతావు!"

"మీకు మందంటే సరుకేమో, సారాయి. మాకు మందంటే మందేమ్మా."

మధ్యాహ్నం దంపతులిద్దరూ మోపెడ్ మీద తిరుత్తణి వెళ్లారు. ముందే నేసిన చీరలు దుకాణంలో ఇవ్వాలి. దగ్గుమందు సీసాను ఆయన చొక్కా జేబులో ఆమే పెట్టింది. మూడింటికి ఒక మూత తాగమని చెప్పి, తను సంతకు పోయింది.

ఆమె కాచుకుని ఉన్న బస్టాండు దగ్గరికి ఆయన వచ్చేసరికి మూడున్నర. కళ్లు ఎర్రగా ఉన్నాయి. దగ్గి దగ్గి అనుకుంది. నోటి నుంచి తియ్యటి ఘాటు వాసన వచ్చింది. దగ్గుమందుకూ కాస్త అలాంటి వాసనే ఉంటుంది.

"మందు తాగినావా?"

"తాగినానే. ఎక్కు."

"దగ్గు నిలిచిందా?"

"నిలిచింది పో! కొండెక్కమన్నా ఎక్కతా."

ఆయన మొక్కుకుని మురుగన్‌కు కావడి ఎత్తి మూడేళ్లయింది. అప్పటి నుంచి సరుకు ముట్టలేదు. అందుకే ఆమెకు ఇంకో మాట అడగాలని తోచలేదు. రేపటికి ఎన్ని కండెలు కావాలో లెక్కేసుకుంటూ వెనక సీటు మీద ఒక పక్కకు తిరిగి కూర్చుంది.

పొదటూరుపేట దాటాక దారి మలుపు తిరిగింది. మోపెడ్ తిరగలేదు. నిలిపి ఉన్న చెరకు ట్రాక్టరును వెనక నుంచి గుద్దింది. ఆయనకు మోచెయ్యి విరిగింది. కన్నియమ్మ అక్కడే పోయింది. చెరకు కోసే ఆడవాళ్లు పరుగున వచ్చి ఆమె చీర సరిచేశారు.

ఆసుపత్రిలో పోలీసాయన తమిళంలో అడిగాడు.

"కుడిచ్చిరుక్కియా?"

తాగి ఉన్నావా అని. తమిళంలో ఆ ప్రశ్నకు ఇంకో అర్థం లేదు. ద్వారకనాథ్ తల వంచుకున్నాడు.

"నా పెండ్లానికి నేను అబద్ధం చెప్పలేదు సార్" అన్నాడు తెలుగులో.

నెల దాటింది. మోపెడ్ ఇంకా స్టేషన్ ఆవరణలో, గోడవారన ఉంది. ముందు కొక్కేనికి, ఆమె సంతలో కొన్న చిన్న ఉల్లిపాయల సంచి అలాగే వేలాడుతోంది. వానలకు తడిసి, గుడ్డ చిరుగుల్లోంచి పచ్చటి మొలకలు జానెడు బయటికి వచ్చాయి.