సంజీవమ్మ ఆడిన సినిమా

తను మామా అని పిలిచే ముసలి యజమానురాలి కాళ్ళకు నూనె రాసి, మడమల కింద దిండు సర్ది, సంజీవమ్మ వంటింట్లోకి వచ్చేసరికి పప్పు పొంగి పొయ్యి ఆరిపోయింది. పొయ్యిని కసురుకుంటూ మళ్ళీ వెలిగించింది. మనుషులను కసురుకోవడం ఆమెకు చేతకాదు. నలభై దాటిన మనిషి. పొట్టిగా, గట్టిగా ఉంటుంది. నీళ్ళలో నాని నాని వేళ్ళ చివరలు ఎప్పుడూ ముడతలు పడే ఉంటాయి.

కువైట్‌లో సబా అల్ సలేం పేటలోని ఆ రెండంతస్తుల ఇంట్లో ఇప్పుడు వాళ్ళిద్దరే ఉన్నారు. కొడుకులూ కోడళ్ళూ వేసవికి లండన్ వెళ్ళారు. వాళ్ళు అక్కడుండగానే, ఆగస్టులో, ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చేసింది. ఫోన్లు మూగబోయాయి. నడవలేని ముసలి మామా, ఆమె మంచీచెడూ చూసే సంజీవమ్మ మిగిలారు. మామా చక్కెర జబ్బుకు వేసే సూదిమందు దొరకడం మానేసింది. ఆమె మాట్లాడుతూ మాట్లాడుతూనే మగతలోకి జారిపోతోంది.

పొద్దున రొట్టెల కోసం వరుసలో నిలబడ్డప్పుడు పక్కింటి వంటమనిషి బషీరా బీ చెవిలో చెప్పింది. ఆమెదీ కడప వైపే.

"రేపు పొద్దున అబూ హలీఫా కాడ్నించి బస్సు పోతాదంట సంజీవమ్మా. బాగ్దాదు మీద అమ్మానుకు. ఆడ మనోళ్ళ ఇమానం ఉంటాదంట. ఇంగ బస్సులు ఉంటాయో ఉండవో."

"మామాను ఎవురికి ఇడిచి పెట్టేది?"

"మా యింటోళ్ళు సూస్తారు. నీ బిడ్డకు నెలలు నిండినాయని నువ్వే గదా చెప్తివి."

సంజీవమ్మ వరుసలో ఒక అడుగు ముందుకు జరిగింది. కూతురు మునిలక్ష్మిది తొలికాన్పు. మూడేళ్ళప్పుడు ఆ పిల్లను చెల్లెలి ఒళ్ళో పెట్టి సంజీవమ్మ కువైట్ వచ్చింది. పిల్లను మళ్ళీ చూసింది రెండుసార్లే. సంజీవమ్మ మొగుడు సుబ్బన్న చిట్వేలి దగ్గర అరటితోటలో కరెంటు తగిలి పోయాడు. బతికున్నన్నాళ్ళూ ఆయన ఆమెను "ఏమే" అనే పిలిచాడు. ఇంట్లో పేరు పెట్టి పిలిచింది మామానే. అది కూడా నోరు తిరగక "సంజూ" చేసింది.

మామాకు ఒక సినిమా ఉండేది. నలుపూ తెలుపూ బొమ్మ, అమెరికావాళ్ళది. పెళ్ళైన కొత్తలో భర్త యూసుఫ్ బేరూత్‌లో చూపించాడట. ఏదో నవ్వుల నవల నుంచి తీశారట. యూసుఫ్ ఆ నవల కూడా కొని, చదివి వినిపించబోయి, నవ్వాపుకోలేక మంచం మీద దొర్లేవాడట. ఆయన పోయాక కొడుకులు ఆ సినిమా క్యాసెట్టు తెచ్చిపెట్టారు. రోజూ మధ్యాహ్నం మామా అది చూసేది. సంజీవమ్మ కింద కూర్చుని మామా కాళ్ళు ఒత్తుతూ చూసేది. సముద్రం పక్క హోటల్లో బట్టలుతికే ఒక పిల్ల. అక్కడికి వచ్చిన కోటీశ్వరుణ్ణి పనివాడనుకుని గదమాయిస్తుంది. ఎప్పుడూ టోపీ పెట్టుకునే ఆ దొర ప్రేమకొద్దీ నిజం చెప్పకుండా దుప్పట్లు ఉతుకుతాడు, నురగలో జారిపడతాడు. నిజం తెలిశాక ఆమె అలిగి రైలెక్కుతుంది. అతడు పరుగెత్తుకొచ్చి క్షమించమంటాడు. ఆమె దిగిపోతుంది. మగవాడు దుప్పటి ఉతకడం, ఆడదాన్ని మన్నించమనడం సంజీవమ్మకు ఎన్నిసార్లు చూసినా వింతే.

గత నెల సైనికులు వచ్చి టీవీ, క్యాసెట్ల పెట్టె, ఏసీలు లారీలో వేసుకుపోయారు. మర్నాడు మధ్యాహ్నం మామా ఖాళీ గోడను చూస్తూ పడుకుంది. ముద్ద మింగలేదు. సంజీవమ్మ కాసేపు గుమ్మంలో నిలబడింది. తర్వాత నెత్తిన అల్యూమినియం గిన్నె టోపీలా బోర్లించుకుని, దుప్పటి ఒకటి చంకన పెట్టుకుని, దొరలా తడబడుతూ వచ్చి నేల మీద జారిపడింది. మామా కళ్ళు నలుపుకుంది. తర్వాత పళ్ళులేని నోరంతా తెరిచి నవ్వింది. ఆరోజు నుంచి సినిమా సంజీవమ్మే.

ఈరోజు మామాకు పప్పు రెండు చెంచాలు మాత్రమే లోపలికి పోయింది. సంజీవమ్మ మూతి తుడిచి, గిన్నె నెత్తిన పెట్టుకుని మొదలుపెట్టింది. దొర గొంతు బొంగురుగా, పిల్ల గొంతు సన్నగా. సగం అరబీ, సగం చిట్వేలి తెలుగు. నురగలో పడే చోట మామా నవ్వింది, కానీ శబ్దం రాలేదు. ఆఖరి ఘట్టానికి సంజీవమ్మ కుర్చీని కిటికీ పక్కకు లాగింది. అదే రైలు.

"సంజూ," అంది మామా. "ఈరోజు పుస్తకంలో ఉన్నట్టు చెయ్యి."

"పుస్తకంలో యాముంది మామా?"

"పుస్తకంలో ఆమె దిగదు. రైలు వెళ్ళిపోతుంది. వాడు ప్లాట్‌ఫారం మీద నిలబడి, 'దుప్పట్లు ఆరేసి వస్తాలే' అంటాడు. అంతే. సినిమావాళ్ళకు ధైర్యం చాల్లేదని యూసుఫ్ తిట్టేవాడు."

"నాకు సినిమాదే బాగుంది. ఆయమ్మ దిగాల."

"బషీరా కిటికీలోంచి నాకు బస్సు సంగతంతా చెప్పింది. కూర్చో. దొర వేషం నాది."

సంజీవమ్మ కదల్లేదు. మామా చెయ్యి చాచింది. చేసేది లేక గిన్నె తీసి ఆ చేతికిచ్చి, వెళ్ళి కుర్చీలో కూర్చుంది. మామా గిన్నెను గుండెల మీద పెట్టుకుంది, టోపీ తీసిన పెద్దమనిషిలా.

"యల్లా, కదులు," అంది. "నీ బిడ్డ దగ్గరికి పో. నేను దుప్పట్లు ఆరేసి వస్తాలే."

"యా దుప్పట్లు మామా! నువ్వు లేసి కూసోల్యావు," అంటూ సంజీవమ్మ నవ్వబోయింది. నవ్వు సగంలోనే ఏడుపైంది. ముఖం కిటికీ వైపు తిప్పుకుంది. బయట తెల్లటి ఎండలో ఖాళీ వీధి. వెనక మామా ఊపిరి గురగురమని వినబడుతూ ఉంది. నిద్రపోయిందనుకుంది. పడుకోనీలే అనుకుని అలాగే కూర్చుంది. కాసేపటికి ఆ గురగుర వినబడలేదు. గిన్నె నేల మీద పడి దొర్లింది.

సాయంత్రం అసర్ నమాజు వేళకు బషీరా బీ, పక్కింటి ఆడవాళ్ళు వచ్చారు. వాళ్ళు మామాకు స్నానం చేయిస్తుంటే సంజీవమ్మ గుమ్మం దగ్గరే నిలబడింది. వాళ్ళ మతం కాని తను ముట్టుకోవచ్చో లేదో తెలియలేదు. ఇన్నేళ్ళు రోజూ తోమిన ఒళ్ళు అది. బషీరా బీ తల తిప్పి చూసి, "నీళ్ళు నువ్వే అందించు సంజీవమ్మా," అంది. చెంబు నింపి నింపి అందించింది. పొద్దు గుంకకముందే మగవాళ్ళు మోసుకుపోయారు.

తెల్లవారాక సంజీవమ్మ వంటిల్లు కడిగింది. మంచం మీద దుప్పటి తీసి ఉతికి, మిద్దె మీద ఆరేసింది. సంచి భుజాన వేసుకుంది. గదిలోకి మరొకసారి వెళ్ళింది. "పోయొస్తా మామా," అంది. కుర్చీని దాని చోటికి జరపాలని పట్టుకుని, వదిలేసింది. వీధి మలుపులో బషీరా బీ బస్సుకు వేళైందని తొందరపెడుతోంది.

తలుపు మూసిన ఆ ఇంట్లో, కుర్చీ కిటికీ వైపు తిరిగి అలాగే ఉండిపోయింది.